ఆరుబయట విహారం: నాణ్యత, అందుబాటు, వాటి కొలతలు

మనిషి తన తీరిక వేళను ఇంటి కప్పు కింద కాకుండా ఆకాశం కింద గడిపే పనులన్నీ ఆరుబయట విహారమే. తెల్లవారుజామున మైదానం చుట్టూ నడక, సాయంత్రం చెరువు గట్టు మీద కబుర్లు, పార్కులో పిల్లల ఉయ్యాలలు, సముద్రపు ఒడ్డున అలలతో ఆటలు, కొండలెక్కడం, పక్షులను చూడటం, కార్తీక మాసంలో ఉసిరిచెట్ల కింద వనభోజనాలు, అన్నీ ఇందులోవే. వీటి గురించి ప్రభుత్వాలూ పరిశోధకులూ వేసే ప్రశ్నలు రెండు. ఆ చోటు బాగుందా? అది అందరికీ అందుతోందా? మొదటిది నాణ్యత, రెండోది అందుబాటు.

ఈ రెండింటినీ విడివిడిగా కొలిచే అలవాటు వల్ల చాలా పొరపాట్లు జరిగాయి. ఒక పార్కులో గడ్డి నలగకుండా, బెంచీ విరగకుండా ఉందంటే లోపలికి ఎవరినీ రానివ్వకపోవడం వల్ల కావచ్చు. ఇంకో పార్కు ఇంటి పక్కనే ఉన్నా దీపాలు లేక, పొద్దు గూకితే ఆడపిల్లలు అటు వెళ్లడం మానేసి ఉండవచ్చు. మొదటి దానికి నాణ్యతలోనూ రెండో దానికి అందుబాటులోనూ మంచి మార్కులే పడతాయి. దీనికి తోడు, వచ్చినవాళ్లను లెక్కపెట్టడం సులువు. రానివాళ్లను లెక్కపెట్టడం కష్టం. ఈ రంగంలో పనికొచ్చిన కొలతలు చాలావరకు ఆ రానివాళ్లను వెతకబోయి పుట్టినవే.

లెక్క మొదలైన తీరు

1932 ఏప్రిల్ 24, ఆదివారం. ఇంగ్లండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్‌లో కిండర్ స్కౌట్ అనే ఎత్తైన బీడు మీదికి కొన్ని వందల మంది యువతీ యువకులు గుంపుగా ఎక్కారు. వాళ్లలో ఎక్కువమంది మాంచెస్టర్, షెఫీల్డ్ ప్రాంతాల శ్రామికులు. వారమంతా పొగలో పనిచేసిన వాళ్లకు ఒక్క రోజు గాలి పీల్చుకోవడానికి దగ్గరలో ఉన్న కొండ అది. కానీ ఆ భూమి పిట్టల వేట కోసం భూస్వాములు అట్టే పెట్టుకున్నది, కాపలాదారులు ఎవరినీ అడుగుపెట్టనిచ్చేవారు కాదు. ఆ నడకకు ముందు నిలిచిన బెన్నీ రాత్‌మన్‌తో సహా ఐదుగురు జైలుకెళ్లారు. 1949లో బ్రిటన్ చేసిన జాతీయ పార్కుల చట్టం పేరులోనే ‘గ్రామీణ ప్రాంతాల్లోకి ప్రవేశం’ అన్న మాట చేరింది. 1951లో ఏర్పడిన తొలి జాతీయ పార్కు ఆ పీక్ డిస్ట్రిక్టే.

అందుబాటు కోసం పోరు ఇంగ్లండ్‌లోదైతే, కొలత శాస్త్రంగా మారింది అమెరికాలో. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కార్లు, జీతంతో కూడిన సెలవులు పెరిగి పార్కులు కిక్కిరిసిపోయాయి. ఎంతమంది, ఎక్కడికి, ఎందుకు వెళ్తున్నారో తెలియకుండా భూమి ఎలా కేటాయించాలన్న ప్రశ్నతో 1958లో అమెరికన్ కాంగ్రెస్ ఒక సమీక్షా సంఘాన్ని వేసింది. లారెన్స్ రాక్‌ఫెల్లర్ దానికి అధ్యక్షుడు. 1962లో వచ్చిన నివేదికకు తోడుగా 27 అధ్యయన సంపుటాలు వెలువడ్డాయి. అందులో ఇప్పటికీ గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. జనానికి అన్నిటికన్నా ఇష్టమైనవి ఖరీదైన సాహసక్రీడలు కావు. నడక, సరదాగా కారులో తిరగడం, ఈత, పిక్నిక్ లాంటి మామూలు పనులు. భూమి ఉన్నదేమో దూరపు పడమటి రాష్ట్రాల్లో, అవసరమేమో మహానగరాల పక్కన. మొత్తం విస్తీర్ణం చూస్తే కొరతే లేదు, మనుషులు ఉన్న చోట చూస్తేనే కొరత కనిపించింది.

ఆ నివేదిక వెనకాలే 1964లో వనప్రాంతాల పరిరక్షణ చట్టం, 1965 నుంచి భూమి, నీటి సంరక్షణ నిధి వచ్చాయి. ఆ నిధి నుంచి డబ్బు కావాలంటే ప్రతి రాష్ట్రమూ తన విహార అవసరాలను లెక్కగట్టి ప్రణాళిక రాసి ఇవ్వాలి. అలా కొలవడం పండితుల పని నుంచి ప్రభుత్వ బాధ్యతగా మారింది.

ఎంత చోటు, ఎంత దూరం

అన్నిటికన్నా పాత కొలత తలసరి విస్తీర్ణం. 1925లో బ్రిటన్‌లో పుట్టిన జాతీయ ఆటస్థలాల సంఘం ప్రచారం చేసిన ‘ఆరు ఎకరాల ప్రమాణం’ ప్రకారం 1000 మంది జనాభాకు 6 ఎకరాల ఆటస్థలం ఉండాలి. మన దేశంలో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014 మార్గదర్శకాలు నగరాల్లో మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలని సూచించాయి. లేఅవుట్ వేసేటప్పుడు పదో వంతు భూమిని పార్కుకూ ఆటస్థలానికీ వదలాలన్న నియమం తెలుగు రాష్ట్రాల్లో ఇల్లు కొనేవాళ్లందరికీ తెలిసిందే.

తలసరి లెక్కలో ఉన్న మోసం సగటులోనే ఉంది. హైదరాబాద్‌లో బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మధ్య ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ పార్కు వందల ఎకరాల అడవి. నగరం సగటు కట్టినప్పుడు పాతబస్తీ ఇరుకు గల్లీలో ఉండే కుటుంబం వాటాకూ అందులో కొన్ని చదరపు మీటర్లు పడతాయి, కాగితం మీద. ఆ పిల్లలు అక్కడికి రావాలంటే రెండు బస్సులు మారాలి.

అందుకే దూరాన్ని కొలవడం మొదలైంది. ఇంగ్లండ్‌లో ప్రకృతి సంరక్షణ సంస్థ 1990లలో రూపొందించిన ప్రమాణం ఈ రంగంలో బాగా పేరున్నది. ప్రతి ఇంటికీ 300 మీటర్ల లోపు కనీసం 2 హెక్టార్ల పచ్చని చోటు, 2 కిలోమీటర్ల లోపు 20 హెక్టార్లు, 5 కిలోమీటర్ల లోపు 100, 10 కిలోమీటర్ల లోపు 500 హెక్టార్లు ఉండాలన్నది దాని లెక్క. చిన్న పార్కు రోజూ వెళ్లడానికి, పెద్ద అడవి అప్పుడప్పుడు వెళ్లడానికి అన్న ఇంగితం ఇందులో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2016లో కనీసం అర హెక్టారు నుంచి ఒక హెక్టారు పచ్చదనం 300 మీటర్లలో ఉండాలని సూచించింది. 2021లో డచ్ పట్టణ వన నిపుణుడు సెసిల్ కొనైనెండైక్ దీన్ని మూడు అంకెల్లో చెప్పాడు: ప్రతి ఇంటి కిటికీలోంచి 3 చెట్లు, ప్రతి పేటలో 30 శాతం చెట్ల నీడ, 300 మీటర్లలో పార్కు. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 11.7 కింద నగరాల్లోని బహిరంగ స్థలాల వాటాను కొలుస్తారు. ఆ స్థలాలకు 400 మీటర్ల నడక దూరంలో ఎందరు ఉంటున్నారో కూడా చూస్తారు. అందులో ఆడవాళ్లకు, వృద్ధులకు, వికలాంగులకు ఎంతవరకు అందుతోందో విడిగా చెప్పాలి.

అమెరికాలో ప్రజా భూముల ట్రస్టు 2012 నుంచి నగరాలకు ర్యాంకులిస్తోంది. ఇంటి నుంచి 10 నిమిషాల్లో, అంటే అర మైలు నడిచి, పార్కుకు చేరగలరా అన్నది అందులో ముఖ్యమైన ప్రశ్న. సుమారు 10 కోట్ల మంది అమెరికన్లకు ఆ సౌకర్యం లేదని ఆ సంస్థ లెక్క. అది దూరాన్ని గీత గీసి కొలవదు. నడవగలిగిన దారుల వెంట కొలుస్తుంది, హైవే అడ్డం వస్తే అవతలి పార్కును లెక్కలోకి తీసుకోదు.

ఆ తేడా ఎంతదో చెప్పడానికి హైదరాబాద్‌లో నేను రోజూ దాటే ఒక కాలనీ పార్కు చాలు. మా సందు చివర నిలబడితే ఆ పార్కు గోడ ఎనభై అడుగుల్లో ఉంటుంది. గేటు అవతలి వైపు. కిరాణా కొట్టు, ట్రాన్స్‌ఫార్మర్ దాటి, మెయిన్ రోడ్డెక్కి, బండ్ల మధ్యలోంచి అటు పక్కకు వెళ్లి మళ్లీ లోపలికి తిరగాలి. నాకు పన్నెండు నిమిషాలు, మోకాళ్ల నొప్పులున్న మా పిన్నికి అరగంట. తీరా వెళ్తే గేటు గుండ్రంగా తిరిగే ఇనుప చట్రం. పశువులూ బైకులూ రాకుండా పెట్టారు, చక్రాల కుర్చీ కూడా రాదు. పక్కన బోర్డు: ఉదయం 5 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 8. మిట్టమధ్యాహ్నం ఆ పార్కులోని కానుగ చెట్టు గోడ మీంచి ఫుట్‌పాత్ పైకి వాలిన చోట, ఆ కాస్త నీడలో, పక్క అపార్ట్‌మెంట్ కడుతున్న కూలీలు టిఫిన్ క్యారేజీలు విప్పుకుని అన్నం తింటుంటారు. లోపల పది బెంచీలు ఖాళీగా ఉంటాయి. ఉపగ్రహ చిత్రంలో చూస్తే ఈ పార్కు మా సందుకు పాతిక మీటర్ల దూరం.

హక్కుగా అందుబాటు

దూరం తగ్గినా చట్టం తలుపు మూసి ఉంటే లాభం లేదు. ఈ విషయంలో ఉత్తర ఐరోపా దారి వేరు. స్వీడన్‌లో ఇతరుల భూమి మీద కూడా నష్టం చేయకుండా, ఇంటి పరిసరాలకు దూరంగా నడవవచ్చు, పండ్లు కోసుకోవచ్చు, ఒక రాత్రి గుడారం వేసుకోవచ్చు. ‘అందరి హక్కు’గా తరతరాలుగా వస్తున్న ఈ ఆచారాన్ని 1994లో రాజ్యాంగంలో చేర్చారు. నార్వే 1957లోనే చట్టం చేసింది, స్కాట్లండ్ 2003లో. ఇంగ్లండ్ 2000 నాటి చట్టంతో కొండలు, బీళ్లు, ఉమ్మడి భూములు మాత్రం తెరిచింది. అవి దేశంలో దాదాపు 8 శాతం. అందులోనూ కొన్ని ముక్కలు చుట్టూ ప్రైవేటు భూమి ఉండి, చట్టబద్ధమైన దారి లేక, దీవుల్లా మిగిలిపోయాయి. హెక్టార్ల లెక్కలో అవి ప్రజలవే.

మన దగ్గర పోరాటం తిరగటం గురించి కాదు, ఉన్న చోటు పోకుండా చూసుకోవడం గురించి. బెంగళూరులో పార్కు కోసం కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇస్తే ఆ పేటవాసులు కోర్టుకెక్కారు. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. పార్కు స్థలం ప్రజల ఆరోగ్యానికి కావలసింది, దాన్ని వేరే వాడకానికి మళ్లించే అధికారం పాలకులకు లేదన్న ఆ తీర్పును ఇప్పటికీ లేఅవుట్ల కేసుల్లో చూపిస్తుంటారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం వినోదంలో సమాన భాగస్వామ్యాన్ని కూడా ప్రస్తావించింది. పార్కుల గేట్లు మాత్రం ఇంకా ఆ చట్టం చదవలేదు.

నాణ్యతను తూచడం

నాణ్యతకు రెండు రకాల కొలతలున్నాయి: చోటును చూసేవి, మనిషిని అడిగేవి.

మొదటి రకంలో ముద్రలు, జెండాలు వస్తాయి. బ్రిటన్‌లో 1996లో మొదలైన ‘గ్రీన్ ఫ్లాగ్’ పార్కులకు, ఫ్రాన్స్‌లో 1985లో పుట్టి 1987లో ఐరోపాకు పాకిన ‘బ్లూ ఫ్లాగ్’ బీచ్‌లకు. బ్లూ ఫ్లాగ్‌కు 33 ప్రమాణాలు: నీటి శుభ్రత, పర్యావరణ నిర్వహణ, సమాచారం, భద్రత, సేవలు. స్నానపు నీటిలో 100 మిల్లీలీటర్లకు ఇ-కొలై బ్యాక్టీరియా 250కి, ఎంటరోకోకై 100కి మించకూడదు. 2020 అక్టోబర్‌లో విశాఖపట్నం దగ్గరి రుషికొండ బీచ్ ఈ గుర్తింపు పొందింది. ఆ ఏడాది దేశంలో ఎంపికైన ఎనిమిదింటిలో అదొకటి. 2025లో నిర్వహణ లోపాల మీద ఫిర్యాదులు వెళ్లడంతో జెండా తాత్కాలికంగా దిగింది, సరిదిద్దాక మళ్లీ ఎగిరింది. దిగడమే ఈ పద్ధతి గొప్పతనం. ఒకసారి ఇచ్చి మరిచిపోయే బిరుదు నాణ్యతను కొలవదు.

అడవులకూ కొండలకూ ఇలాంటి జాబితాలు సరిపోవు. 1964లో జె. ఆలన్ వాగర్ పశుగ్రాసపు బీళ్ల నుంచి ఒక భావన తెచ్చాడు. ఒక బీడు ఇన్ని పశువులనే మేపగలదన్నట్టు, ఒక అడవి ఇంతమంది మనుషులనే మోయగలదని. అయితే నేల ఎంత నలిగిందన్నదే కాదు, వచ్చినవాళ్లకు ఏం కావాలన్నదీ లెక్కలోకి రావాలని ఆయనే అన్నాడు. తిరనాళ్లకు వెళ్లినవాడికి జనం లేకపోతే వెలితి. మౌనం కోసం వెళ్లినవాడికి పదిమంది ఎదురైతే విసుగు. 1979లో అమెరికన్ అటవీ సేవ పరిశోధకులు క్లార్క్, స్టాంకీ దీన్ని ‘విహార అవకాశాల శ్రేణి’గా మలిచారు. అటవీ సేవ వాడుకలో అది ఆరు మెట్లు, మనుషుల జాడ లేని అడవి నుంచి నగరం దాకా. ఒక మెట్టు ఇంకో మెట్టుకన్నా మేలని అది చెప్పదు. అన్ని మెట్లూ దొరుకుతున్నాయా అని అడుగుతుంది. 1985లో వచ్చిన ‘ఒప్పుకోదగిన మార్పుల హద్దులు’ పద్ధతి ఎంతమంది అన్న ప్రశ్ననే పక్కనపెట్టి, ఎంత మార్పును సహిస్తాం అని అడిగింది.

మనిషిని అడిగే రకంలో అందరూ వాడేది తృప్తి సర్వే. పార్కు గేటు దగ్గర నిలబడి, ఎలా ఉందండీ అని అడగడం. అమెరికన్ పరిశోధకులకు ఇక్కడో వింత ఎదురైంది. చోటు ఏటేటా కిక్కిరిసిపోతున్నా తృప్తి మార్కులు తగ్గేవి కావు. కారణం, విసిగిపోయినవాళ్లు రావడం మానేశారు. వాళ్ల స్థానంలో రద్దీ అలవాటైనవాళ్లు వచ్చారు. ఇంకొందరు ఇంత దూరం వచ్చాం కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నారు. గేటు దగ్గర నిలబడ్డ సర్వేకు వెళ్లిపోయినవాడు ఎన్నటికీ దొరకడు.

మేరియన్ క్లాసన్, జాక్ నెట్‌ష్ 1966లో రాసిన పుస్తకంలో విహారాన్ని ఐదు దశలుగా చూశారు: ముందు ఎదురుచూపు, వెళ్లే ప్రయాణం, అక్కడి సమయం, తిరుగు ప్రయాణం, తర్వాతి జ్ఞాపకం. వేసవి సెలవుల్లో అమ్మమ్మ ఊరికి వెళ్లి కాలువలో ఈత కొట్టిన వాళ్లెవరికైనా ఆ లెక్క ఇట్టే అర్థమవుతుంది. కొలతలు మాత్రం మూడో దశ దగ్గరే ఆగిపోతుంటాయి.

ఎవరు వస్తున్నారు

వచ్చినవాళ్లను అడగడం కన్నా చూడటం మేలని థామస్ మెకెంజీ, డెబోరా కోహెన్ తదితరులు 2006లో ఒక పరిశీలనా పద్ధతిని ప్రచురించారు. శిక్షణ పొందిన పరిశీలకులు పార్కును భాగాలుగా విడగొట్టి, రోజులో కొన్ని నిర్ణీత వేళల్లో, ఒక చివరి నుంచి ఇంకో చివరికి చూపు తిప్పుతూ లెక్కపెడతారు. ఆడా మగా, పిల్లలా వృద్ధులా, కూర్చున్నారా, నడుస్తున్నారా, పరిగెడుతున్నారా. ఆ ఫారంలో మనుషుల లెక్కతో పాటు ఇంకో గడి ఉంటుంది: ఈ చోటు ఇప్పుడు తెరిచి ఉందా, తాళం వేసి ఉందా. మా కాలనీ పార్కుకు మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ ఫారం పట్టుకుని వెళ్తే రాయడానికి ఆ ఒక్క గడే ఉంటుంది.

ఈ పద్ధతితో అమెరికాలోని 25 నగరాల్లో 174 పేట పార్కులను పరిశీలిస్తే వచ్చినవాళ్లలో మగవాళ్లు 57 శాతం. జనాభాలో 20 శాతం ఉన్న వృద్ధులు పార్కుల్లో 4 శాతమే కనిపించారు. చుట్టూ నడిచే బాట ఉన్న పార్కుల్లో మాత్రం జనం గణనీయంగా ఎక్కువ. క్రికెట్ మైదానానికో ఫుట్‌బాల్ మైదానానికో పెట్టే ఖర్చులో కొంత బాటకు పెడితే ఎవరు బయటికి వస్తారో ఈ అంకెలు చెబుతున్నాయి.

వియన్నా నగరంలో 1990ల చివర చేసిన అధ్యయనంలో తొమ్మిదేళ్లు దాటగానే ఆడపిల్లలు పార్కుల్లో కనిపించడం మానేస్తున్నారని తేలింది. మగపిల్లలు తగ్గలేదు. ఉన్న ఒక్క ఖాళీ చోటూ బంతాటకు పోతే, చోటు కోసం పోట్లాడటం ఇష్టంలేని అమ్మాయిలు ఇంటికి వెళ్లిపోతున్నారు. 1999లో నగరం రెండు పార్కులను తిరిగి రూపొందించింది. బాటలు, దీపాలు పెంచారు, పెద్ద మైదానాన్ని చిన్న చిన్న భాగాలు చేశారు. అమ్మాయిలు తిరిగి వచ్చారు. హెక్టార్లు పెరగలేదు, దూరం తగ్గలేదు. పాత కొలతల్లో ఆ రెండు పార్కులూ మారనే లేదు.

రానివాళ్లను పట్టుకోవాలంటే ఇంటికే వెళ్లి అడగాలి. ఇంగ్లండ్ 2009 నుంచి 2019 దాకా ఆ పని చేసింది. గత వారంలో బయట ఎన్నిసార్లు గడిపారు, గడపకపోతే ఎందుకు అని దేశవ్యాప్తంగా ఏటా వేలమందిని అడిగింది. 2020 నుంచి ఆ సర్వే వేరే పేరుతో, ఆన్‌లైన్‌లో కొనసాగుతోంది. నా దృష్టిలో ఈ రంగంలో ఖర్చు పెట్టదగిన మొదటి సర్వే ఇదే.

డబ్బులో విలువ

టికెట్ లేని చోటుకు విలువ కట్టడం ఎలా? 1947లో ఆర్థికవేత్త హెరాల్డ్ హోటెలింగ్ అమెరికన్ జాతీయ పార్కుల సేవకు రాసిన ఉత్తరంలో ఉపాయం చెప్పాడు. పార్కు చుట్టూ వలయాలు గీయండి, ఒక్కో వలయం నుంచి ఎంతమంది, ఎంత ఖర్చుతో వస్తున్నారో చూడండి. ఆ ఖర్చు పెట్టి వచ్చారంటే ఆ చోటు వాళ్లకు కనీసం అంత విలువ చేస్తుంది. 1959లో క్లాసన్ దాన్ని ఆచరణలో పెట్టాడు. ఆనకట్ట కడితే పోయే లోయకూ, గని తవ్వితే పోయే కొండకూ కోర్టుల్లో, కమిటీల్లో ఒక అంకె చూపించడానికి ఈ పద్ధతి ఎంతో ఉపయోగపడింది. కానీ దూరం నుంచి ఖర్చు పెట్టుకుని వచ్చేవాళ్లు ఉన్న చోటే ఈ లెక్క బాగా పనిచేస్తుంది. పక్క వీధి నుంచి రోజూ నడిచి వచ్చే ముసలమ్మ ఖర్చు సున్నా. నాణ్యత మీద ఎంతో చెప్పే ఈ లెక్క అందుబాటు మీద నోరు విప్పదు.

తెలుగు నేల మీద

తెలుగు ఊళ్లలో విహారం జరిగే చోట్లకు పార్కులన్న పేరు లేదు. చెరువు గట్టు, కాలువ గట్టు, బడి మైదానం, గుడి మండపం, మామిడి తోపు. రెవెన్యూ రికార్డుల్లో అవి చెరువు, బడి, పోరంబోకు. విహార స్థలాల లెక్కలోకి ఎన్నడూ రానివి కనుక, అవి పోయినప్పుడు ఏ లెక్కా తగ్గదు. చెరువు పూడ్చి ప్లాట్లు వేసి, అందులో పదో వంతు పార్కు వదిలితే కాగితం మీద విహార స్థలం పెరిగినట్టే. హైదరాబాద్‌లో చెరువులను, లేఅవుట్ పార్కులను కాపాడటానికని 2024లో హైడ్రా అనే సంస్థ ఏర్పాటయ్యాక ప్రజా స్థలాల జాబితాల అవసరం అందరికీ కనిపిస్తోంది. ఏ స్థలం ప్రజలదో ముందు రాసిపెట్టుకుంటేనే కదా, పోయిందని తెలిసేది.

కొత్త భూమి లేకుండానే అందుబాటు పెరిగే దారి విశాఖ బీచ్ రోడ్డులో చూడవచ్చు. తెల్లవారుజామున కొన్ని గంటలు అక్కడ వాహనాలను ఆపుతారు. ఆ వేళ రోడ్డు మీద స్కేటింగ్ నేర్చుకునే పిల్లలు, చేతులు ఊపుతూ నడిచే పెద్దవాళ్లు, బాడ్మింటన్ ఆడే ఆడవాళ్లు కనిపిస్తారు. తర్వాత అదే తారు మీద బస్సులు. ఎకరాల్లోనూ మీటర్లలోనూ ఇది ఎక్కడా నమోదు కాదు. గంటల్లో కొలిస్తేనే దొరుకుతుంది.

ఈ మధ్య మొబైల్ ఫోన్ల కదలికలతో, వ్యాయామ యాప్‌ల సమాచారంతో పార్కుల వాడకాన్ని అంచనా కడుతున్నారు. వేగంగా, చవకగా అయ్యే పని. అయితే అందులో ముందు కనిపించేది స్మార్ట్‌వాచ్ పెట్టుకుని పరిగెత్తేవాళ్లు. కృష్ణా డెల్టాలో సాయంత్రం కాలువ గట్టు మీద గేదెను మేతకు వదిలి, తుమ్మచెట్టు కింద తువ్వాలు పరుచుకుని, అవతలి గట్టు మీది మనిషితో గంటసేపు మాట్లాడే ముసలాయన ఏ యాప్‌లోనూ లేడు. పరిశీలకుడు ఎదురుగా నిలబడ్డా, ఆయన పనిలో ఉన్నాడని రాయాలో విహారంలో ఉన్నాడని రాయాలో ఫారంలో గడి లేదు.